మీకు తెలుసా? సికిల్ సెల్ దెబ్బ రక్తానికే కాదు, ఒంట్లోని సాగే గుణానికి కూడా!

సికిల్ సెల్ అనగానే రక్తహీనత, కీళ్లలో ఎముకల్లో భరించలేని నొప్పులు గుర్తొస్తాయి. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంకర తిరిగిన బొమ్మ కూడా చాలామంది చూసే ఉంటారు. ఆ బొమ్మలో కనిపించని సంగతి ఒకటుంది. వంగడం, సాగడం, వదలగానే మళ్లీ మొదటి ఆకారానికి రావడం అనే గుణం రక్తకణానికి ఉంది. ధమని గోడకు ఉంది, ఊపిరితిత్తికి ఉంది, కంటి వెనకున్న పల్చటి పొరకూ ఉంది. సికిల్ సెల్ ముందు కణంలో ఆ గుణాన్ని పోగొడుతుంది. తర్వాత ఏళ్ల తరబడి, పైకి తెలియకుండా, మిగతా చోట్ల కూడా దాన్ని తినేస్తుంది. ఈ రెండో భాగం గురించి మనం మాట్లాడుకునేది తక్కువ. అందుకే ఈ సంగతులు.

1. వంగలేని ఎర్రకణానికి దారి లేదు

ఎర్ర రక్తకణం అడ్డుకొలత 7 నుంచి 8 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అది దూరి వెళ్లాల్సిన సన్నటి కేశనాళికలు కొన్ని 5 మైక్రాన్లకు మించవు. ప్లీహంలో ఉండే చీలికలైతే 1, 2 మైక్రాన్లే. చాపను చుట్టి సన్నటి గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్లినట్టు, ఎర్రకణం తనను తాను మడుచుకుని అటు దాటుతుంది, దాటగానే మళ్లీ విప్పుకుంటుంది. సుమారు 120 రోజుల జీవితంలో ఈ పని లెక్కలేనన్ని సార్లు చేస్తుంది. ఆక్సిజన్ మోయడం ఎంత ముఖ్యమో, ఇలా వంగగలగడమూ అంతే ముఖ్యం.

2. తేడా ఒక్క చోటే

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. సికిల్ సెల్‌లో తేడా ఆరో స్థానంలో మాత్రమే. అక్కడ గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి, దాని బదులు వాలీన్ ఉంటుంది. ఇది హిమోగ్లోబిన్ అణువులో వచ్చిన జబ్బు అని 1949లో లైనస్ పౌలింగ్ బృందం తేల్చింది. ఆ ఒక్క మార్పు ఏమిటో 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు. ఆక్సిజన్ వదిలేశాక ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని, 14 పోగుల తాడులా పేనుకుంటాయి. లోపల ఆ తాళ్లు బిగుసుకుంటే కణం మెత్తదనం పోయి కర్రలా తయారవుతుంది. కొడవలి ఆకారం దాని ఫలితం మాత్రమే. అసలు నష్టం ఆ బిరుసుతనం.

3. ఎన్నోసార్లు కోలుకున్న కణం ఒకనాటికి కోలుకోదు

ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ అందగానే ఆ తాళ్లు కరిగిపోతాయి, కణం మళ్లీ గుండ్రబడుతుంది. మొదట్లో ఇలాగే జరుగుతుంది. కానీ ప్రతిసారీ కణం పొర కింద ఉండే స్పెక్ట్రిన్ అనే ప్రోటీన్ అల్లిక కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. తీగను ఒకే చోట పదేపదే వంచితే ఏమవుతుందో అదే అవుతుంది. ఒక దశ దాటాక ఆక్సిజన్ ఎంత అందినా కణం కొడవలిలాగే ఉండిపోతుంది. 120 రోజులు బతకాల్సిన కణం 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతుంది. రక్తహీనతకు కారణం ఇదే. కణంలో నీరు తగ్గితే హిమోగ్లోబిన్ చిక్కబడి, తాళ్లు ఇంకా తొందరగా పేనుకుంటాయి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతుండమని డాక్టర్లు ఈ రోగులకు పదేపదే చెప్పేది అందుకే.

4. ఒంట్లో సాగే దారాలు దాదాపు ఒక్కసారే తయారవుతాయి

ధమనులు, ఊపిరితిత్తులు, చర్మం సాగి వెనక్కి వచ్చేది ఎలాస్టిన్ అనే ప్రోటీన్ దారాల వల్ల. చర్మం పైపొర రాలి కొత్తది వస్తుంది, ఎముక కూడా తనను తాను మార్చుకుంటూ ఉంటుంది. ఎలాస్టిన్ అలా కాదు. గర్భంలో, పసితనంలో, ఎదిగే వయసులో శరీరం దాన్ని నేసుకుంటుంది. తర్వాత దాని తయారీ దాదాపు ఆగిపోతుంది. పెళ్లినాటి పట్టుచీరలా, ఉన్నదాన్నే జీవితాంతం కాపాడుకోవాలి.

ఈ సంగతి తేల్చడానికి శాస్త్రవేత్తలు వాడిన ఆధారం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 1950, 60ల్లో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో రేడియోధార్మిక కార్బన్ బాగా పెరిగింది. అది తిండి ద్వారా అందరి ఒంట్లోకీ చేరింది. ఎలాస్టిన్ కొత్తగా తయారవుతూ ఉంటే ఆ కార్బన్ దానిలో కనిపించాలి. మనుషుల ఊపిరితిత్తుల్లోని సాగే దారాల్లో ఆ ఆనవాళ్లు చాలా తక్కువగా దొరికాయి. 1991లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం ఈ దారాల్లోని కార్బన్ సగటున 74 ఏళ్లు అక్కడే ఉంటుంది. అంటే ఇంచుమించు ఒక మనిషి జీవితకాలం.

5. అంత గట్టి దారాలకూ శత్రువులున్నారు

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతి దెబ్బకూ బృహద్ధమని ఉబ్బి, సర్దుకుంటుంది. ఇంత పనిని ఏళ్ల తరబడి తట్టుకోవడానికి ఎలాస్టిన్ దారాలు ఒకదానికొకటి గట్టిగా ముడిపడి ఉంటాయి. ఆ ముడులు పడటానికి రాగి సాయం కావాలి. అయినా ఈ దారాలను రెండు రకాలుగా పాడుచేయవచ్చు. ఒకటి, ఎంజైములు వాటిని ముక్కలు చేయడం. రెండు, వాటి మీద కాల్షియం పేరుకుని పెళుసెక్కడం. సికిల్ సెల్ రోగుల శరీరంలో ఈ రెండూ కనిపిస్తాయి.

6. కంటి వెనక ఎండిన చెరువు నేల

కంటిలో రెటీనాకు వెనక బ్రూక్ పొర అనే సన్నటి తెర ఉంటుంది. దాని మందం 2 నుంచి 4 మైక్రాన్లు. అంత సన్నటి పొరలోనూ ఐదు అరలుంటాయి. నడిమి అర ఎలాస్టిన్ దారాల అల్లిక. సికిల్ సెల్ ఉన్న కొందరిలో, ముఖ్యంగా వయసు పైబడేకొద్దీ, ఈ పొర పెళుసుగా మారి అక్కడక్కడా చిట్లుతుంది. డాక్టరు కంటి లోపలికి చూస్తే, చూపు నరం మొదలయ్యే చోటి నుంచి అన్ని వైపులకూ ముదురు ఎరుపు, గోధుమ రంగు గీతలు పాకి ఉంటాయి. ఎండిన చెరువులో నేల నెర్రెలు బారినట్టే ఉంటుంది.

1889లో ఇంగ్లండ్ నేత్రవైద్యుడు రాబర్ట్ డాయిన్ వీటిని మొదట వర్ణించాడు. రక్తనాళాల్లా కనిపిస్తాయి కనుక 1892లో హెర్మన్ నాప్ వీటికి యాంజియాయిడ్ స్ట్రీక్స్ అని పేరు పెట్టాడు. అవి రక్తనాళాలు కావని, పొరలో పడిన పగుళ్లని తర్వాత తేలింది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

సికిల్ సెల్ రోగుల్లో ఈ నెర్రెల వల్ల చూపు చెడటం అరుదే. కానీ పగులు గుండా కింది నుంచి కొత్త రక్తనాళాలు మొలిచి కారితే చూపుకు ముప్పు. కంటికి గట్టి దెబ్బ తగిలినా పెళుసెక్కిన పొర చిట్లవచ్చు. నెర్రెలున్నాయని తెలిసిన పిల్లలు బంతాటలు ఆడేటప్పుడు రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవడం మంచిది. గుమ్మం అంచు, కిటికీ చువ్వలు వంకరగా కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

7. ఇనుము అనుకున్నారు, కాల్షియం అని తేలింది

కణాలు పగిలిపోతుంటే వాటిలోని ఇనుము బయటికొస్తుంది. అదే బ్రూక్ పొర మీద పేరుకుని పెళుసు చేస్తోందని చాలాకాలం అనుకున్నారు. వినడానికి సబబుగానే ఉన్న ఊహ అది. 1987లో ప్రచురితమైన ఒక పరిశీలనలో సికిల్ సెల్ ఉన్న వ్యక్తి కంటి కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే, పొర నిండా కాల్షియం పేరుకుని ఉంది. ఇనుము కనిపించలేదు. కెటిల్ అడుగున ఉప్పునీటి తెలుపు గట్టిపడినట్టు, సాగే పొర మీద కాల్షియం గట్టిపడుతుంది. సాగలేని పొర, కన్ను కదిలే ఒత్తిడికి చిట్లుతుంది.

8. వేరే జబ్బుకు అచ్చు పోలిక

సూడోజాంథోమా ఎలాస్టికమ్ అనే అరుదైన జన్యు వ్యాధి ఉంది. అందులో సాగే దారాల మీద కాల్షియం చేరి మెడ, చంకల దగ్గర చర్మం ఈకలు పీకిన కోడి చర్మంలా గుళ్లగుళ్లగా అవుతుంది. కంట్లో నెర్రెలు వస్తాయి, ధమనులు గట్టిపడతాయి. దానికి కారణమైన జన్యువును 2000లో గుర్తించారు. చిత్రమేమిటంటే, ఆ జన్యువు సవ్యంగానే ఉన్న తలసీమియా రోగుల్లో, కొందరు సికిల్ సెల్ రోగుల్లో కూడా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. తలసీమియాలో ఎక్కువ, సికిల్ సెల్‌లో తక్కువ. రక్తకణాలు ఏళ్ల తరబడి పగిలిపోతుంటే ఆ ప్రభావం ఎక్కడో దూరంగా ఉన్న సాగే దారాల దాకా వెళుతుందనడానికి ఇది గట్టి సాక్ష్యం.

9. మెదడు ధమనికి ఉన్నది ఒక్కటే సాగే పొర

ఒంట్లో చాలా ధమనుల గోడల్లో లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున రెండు సాగే పొరలుంటాయి. పుర్రె లోపలికి వెళ్లాక ధమనులకు బయటి పొర ఉండదు. లోపలిది ఒక్కటే. ఆ ఒక్కటీ దెబ్బతింటే వెనక మరో అండ లేదు. సికిల్ సెల్‌తో పక్షవాతం వచ్చి చనిపోయినవారి మెదడు ధమనులను పరీక్షించినప్పుడు, ఈ లోపలి పొర ముక్కలై ఉండటం, దాని పక్కన గోడ మందంగా పెరిగి దారి ఇరుకవడం కనిపించాయి. సికిల్ సెల్‌లో పక్షవాతానికి సన్నటి నాళాల్లో కణాలు అడ్డుపడటమే కారణమనుకుంటాం. చాలామంది పిల్లల్లో అసలు దెబ్బ తగిలేది మెదడు అడుగున ఉన్న పెద్ద ధమనులకే.

10. పిల్లల్లో ఇరుకు, యువకుల్లో ఉబ్బు

సికిల్ సెల్ వల్ల వచ్చే పక్షవాతం వయసును బట్టి రూపు మారుస్తుంది. చిన్నపిల్లల్లో ఎక్కువగా ధమని ఇరుకై రక్తం అందక వస్తుంది. 20 నుంచి 29 ఏళ్ల మధ్య వారిలో రక్తనాళం చిట్లి వచ్చే పక్షవాతం ఎక్కువ. సాగే పొర తెగిన చోట ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బవచ్చు. ఇలాంటి ఉబ్బులు సికిల్ సెల్ రోగుల్లో ఒకటికి మించి ఉండటం తరచుగా చూస్తారు. ఒక చోట ఇరుకవడం, ఒక చోట ఉబ్బడం పైకి వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. రెండింటి కిందా ఉన్నది తెగిన సాగే పొరే.

11. నొప్పి లేని ఒక్క పరీక్ష

తోటకు నీళ్లు పట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి. ధమని ఇరుకైతే రక్తమూ అలాగే జోరందుకుంటుంది. కణతల మీద చిన్న పరికరం పెట్టి, శబ్ద తరంగాలతో ఆ వేగాన్ని కొలిచే పరీక్ష పేరు ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్. సూది లేదు, మత్తు లేదు. వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు, ఆ పైన ఉంటే పక్షవాతం ముప్పు ఎక్కువని అర్థం. అలా ముప్పు తేలిన 130 మంది పిల్లలపై అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 1998లో వచ్చాయి. క్రమం తప్పకుండా రక్తం ఎక్కించిన వారిలో ఒక్కరికే పక్షవాతం వచ్చింది. మిగతా సగంలో 11 మందికి వచ్చింది. అంటే ముప్పు 92 శాతం తగ్గింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ సికిల్ జన్యువు వచ్చిన (హిమోగ్లోబిన్ ఎస్ఎస్ రకం) పిల్లలకు 2 ఏళ్ల నుంచి 16 ఏళ్ల దాకా ఏటా ఈ పరీక్ష చేయించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన పిల్లల డాక్టరును ఈ పరీక్ష పేరు పెట్టి అడగడానికి మొహమాటపడకూడదు.

12. కత్తెర ఎవరి చేతిలో ఉంది?

సికిల్ సెల్ ఉన్నవారిలో తెల్లకణాలు మామూలు కంటే ఎక్కువగా, ఎప్పుడూ రెచ్చిపోయి ఉంటాయి. వాటిలో ఒక రకం కణాలు తమ దగ్గరున్న ఎలాస్టేజ్ అనే ఎంజైమును బయటికి వదులుతాయి. దాని పనే ఎలాస్టిన్‌ను కత్తిరించడం. సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాల ఆయుధం సొంత గోడ మీదే పడుతుందన్నమాట. కెథెప్సిన్ అనే ఎంజైముల కుటుంబం కూడా ధమనుల్లో ఇదే పని చేస్తోందని అమెరికాలోని జార్జియా టెక్‌లో మానూ ప్లాట్ బృందం ఏళ్ల తరబడి పరిశోధించి చూపింది. సికిల్ సెల్ ఉన్న ఎలుకల మెడ ధమనుల్లో సాగే దారాలు తెగి ఉండటం కూడా పరిశోధకులు చూశారు. ఈ కత్తెరను ఆపే మందు దొరికితే రక్తంతో పాటు రక్తనాళాన్నీ కాపాడవచ్చన్నది ఆశ.

13. పగిలిన కణం గోడను బిగిస్తుంది

రక్తనాళం వదులుగా ఉండటానికి దాని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తుంది. ఈ వాయువు పాత్రను కనిపెట్టినవారికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎర్రకణం పగిలితే బయటపడే హిమోగ్లోబిన్ ఈ వాయువును పీల్చేస్తుంది. దాంతో నాళం బిగుసుకుంటుంది. ఊపిరితిత్తుల ధమనుల్లో ఇలా జరిగితే అక్కడ రక్తపోటు పెరిగి, గుండె కుడివైపు భారం పడుతుంది. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తోందని రోగి చెబితే, రక్తం తక్కువ కదా అని సరిపెట్టుకోకుండా గుండె పరీక్ష చేయించాలి.

14. కడుపులో బల్ల కథ

ప్లీహం పెరిగితే మన పాతతరం వాళ్లు కడుపులో బల్ల అనేవారు. సికిల్ సెల్‌లో వంగలేని కణాలు ప్లీహం చీలికల్లో ఇరుక్కుని, చిన్నచిన్న రక్తస్రావాలు అవుతాయి. ఆ మరకల దగ్గర ఇనుము, కాల్షియం కలిసి సాగే దారాల మీద, ఇతర నారల మీద పూతలా పేరుకుని గోధుమ రంగు గుళికలవుతాయి. వీటిని గామ్నా-గాండీ గుళికలంటారు. కంట్లో కనిపించని ఇనుము ఇక్కడ కనిపిస్తుంది. చాలామంది ఆఫ్రికా మూలాల పిల్లల్లో ఐదేళ్లు వచ్చేసరికే ప్లీహం పనిచేయడం మానేసి ముడుచుకుపోతుంది. మన దేశంలో తరచుగా కనిపించే సికిల్ సెల్ రకంలో, కణాన్ని మెత్తగా ఉంచే పసిబిడ్డ హిమోగ్లోబిన్ (గర్భంలో ఉన్నప్పటిది) ఎక్కువగా మిగిలి ఉంటుంది కాబట్టి ప్లీహం చాలాకాలం నిలుస్తుంది, పెరిగి కూడా ఉంటుంది.

కొన్నిసార్లు ఒంట్లోని రక్తం గంటల్లోనే ప్లీహంలో చేరిపోయి పసిబిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. జమైకాలో గ్రాహం సర్జెంట్ బృందం తల్లులకు ఒక చిన్న విద్య నేర్పింది. బిడ్డ ఎడమ డొక్క కింద చేత్తో తడిమి ప్లీహం పెరిగిందేమో చూసుకోవడం. ఆ తర్వాత ఈ కారణంగా పిల్లలు చనిపోవడం బాగా తగ్గింది. యంత్రం లేదు, ఖర్చు లేదు, అమ్మ చేయి చాలు.

15. ఇది మన మన్యం సంగతి కూడా

భారతదేశంలో సికిల్ సెల్‌ను 1952లో నీలగిరి కొండల్లో గుర్తించారు. తెలుగు నేల మీద ఉత్తరాంధ్ర మన్యం నుంచి రంపచోడవరం, భద్రాచలం, ఆదిలాబాద్ దాకా కోయలు, గోండులు వంటి గిరిజన కుటుంబాల్లో ఈ జన్యువు ఉంది. మలేరియా ఉన్న చోట ఒక్క సికిల్ జన్యువు ఉండటం ప్రాణానికి కొంత రక్షణ ఇచ్చింది. అందుకే తరాల తరబడి నిలిచింది. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరి పాపమూ కాదు. తల్లికీ తండ్రికీ చెరో జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏళ్ల లోపున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి.

16. కొత్తగా నేయలేం కానీ, కాపాడుకోగలం

తెగిన ఎలాస్టిన్‌ను మళ్లీ మునుపటిలా నేసే మందు ఇవాళ లేదు. అందుకే సికిల్ సెల్‌లో తొందరగా తెలుసుకోవడానికి ఇంత విలువ. హైడ్రాక్సీయూరియా మాత్ర పసిబిడ్డ హిమోగ్లోబిన్‌ను పెంచి కణాన్ని మెత్తగా ఉంచుతుంది, రెచ్చిపోయే తెల్లకణాలనూ తగ్గిస్తుంది. నొప్పులు లేని రోజున కూడా ఆ మాత్ర మానకూడదు. ఎందుకంటే నొప్పి లేనప్పుడు కూడా గోడలు దెబ్బతింటూనే ఉంటాయి. రక్తం తక్కువని సొంతంగా ఇనుము మాత్రలు వేసుకోకూడదు. ఇనుము నిజంగా తగ్గిందో లేదో ముందు పరీక్షించాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు పెన్సిలిన్, వేళకు టీకాలు, పదేళ్ల వయసు నుంచి కంటిపాపను పెద్దది చేసి చూసే కంటి పరీక్ష, చిన్నప్పటి నుంచీ ఏటా డాప్లర్. ఈ జాబితా చిన్నదే.

జీవితాంతం సరిపోవాల్సిన సాగే దారాలను శరీరం నేసుకునేది పసితనంలో, ఎదిగే వయసులో. జబ్బు వాటి మీద చేయి వేయడం మొదలుపెట్టేదీ ఆ వయసులోనే. అందుకే పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన ఒక్క రక్తపు బొట్టు పరీక్ష, ముప్పై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ కంటిచూపునూ మాటనూ నడకనూ కాపాడగలదు. మీ ఇంట్లో, మీ ఊళ్లో ఆ పరీక్ష కాని బిడ్డ ఉంటే, ఈ వారమే చేయించండి.